పిల్లల అడుగును బట్టే ప్రయాణం

కొన్నేళ్ల క్రితం అమెరికాలో మా అమ్మాయి దగ్గర కొన్నాళ్లుండి నేనూ నా భార్యా తిరుగు ప్రయాణమయ్యాం. డాలస్ నుంచి దుబాయ్‌కి సుమారు 15 గంటలు. అక్కడ విమానం మారి హైదరాబాద్‌కు మరో మూడున్నర గంటలు. మా పక్క వరుసలో ఒక తెలుగు తల్లి కూర్చుంది. ఒళ్లో ఏడాది బాబు, పక్క సీట్లో నాలుగేళ్ల పాప. భర్తకు సెలవు దొరక్క ఒక్కతే వస్తోంది. విమానం బయల్దేరిన గంటకే బాబు ఏడుపు అందుకున్నాడు. పాప ముందు సీటును కాళ్లతో తన్నుతోంది. నా చేతిలో బైబిలుంది గానీ చదువు సాగలేదు. కొంతసేపు ఓర్చుకుని, చివరికి ‘పిల్లల్ని కాస్త అదుపులో పెట్టుకోవాలి కదమ్మా, అందరూ నిద్రపోతున్నారు’ అన్నాను. ఆమె ‘సారీ అంకుల్’ అని తలదించుకుంది.

ఆమె భోజనం ట్రే మూత కూడా తీయకుండా వెనక్కి వెళ్లిపోవడం నేను చూశాను. చూసి ఊరుకున్నాను. నా భార్య ఊరుకోలేదు. లేచి వెళ్లి ‘బాబును ఇలా ఇవ్వు తల్లీ, ముందు నువ్వు రెండు ముద్దలు తిను’ అంది. ఎయిర్‌హోస్టెస్‌ను అడిగి ఆ ట్రే మళ్లీ తెప్పించింది. కాసేపటికి బాబు ఆమె భుజం మీద నిద్రపోయాడు. పాప నా దగ్గరికొచ్చి, నా బైబిల్లో బొమ్మలున్నాయా అని అడిగింది. నాకు సమాధానం తోచలేదు.

చిన్నపిల్లల్ని యేసు దగ్గరికి తెచ్చినవారిని శిష్యులు గద్దించిన సంగతి మనకు తెలుసు (మార్కు 10:13-16). ప్రభువుకు అలసట లేకుండా చూస్తున్నామని, మర్యాద కాపాడుతున్నామని వాళ్లు అనుకుని ఉంటారు. కానీ ఆయన పిల్లల మీద కాదు, శిష్యుల మీద కోపపడ్డాడు. సువార్తల్లో యేసు కోపపడినట్టు స్పష్టంగా రాసిన చోట్లు చాలా తక్కువ. వాటిలో ఇదొకటి. ఆ రాత్రి బైబిలు చేతపట్టుకుని నేను చేసింది కూడా శిష్యులు చేసిన పనే.

చిన్నపిల్లలతో దూరప్రయాణం ఎలా చేయాలో పరిశుద్ధ గ్రంథంలో ఒక తండ్రి చెప్పాడు. యాకోబు 20 ఏళ్లు లాబాను కొలువులో ఉండి, భార్యలతో, పిల్లలతో, మందలతో కనాను బయల్దేరాడు. ఎదురుగా 400 మందితో ఏశావు వచ్చాడు. సమాధానపడ్డాక, ఇక కలిసి వెళదాం పద అన్నాడు. యాకోబు ఒప్పుకోలేదు. పిల్లలు పసివాళ్లని, మందలో పాలిచ్చే జీవాలున్నాయని, ఒక్కరోజు తొందరపెట్టి తోలినా అవి చచ్చిపోతాయని చెప్పాడు. నువ్వు ముందు వెళ్లు, నేను పిల్లలు నడవగలిగినంత మెల్లగా వస్తానన్నాడు (ఆదికాండం 33:12-14). అన్నను తప్పించుకోవడానికే అలా అన్నాడనేవారూ ఉన్నారు. కావచ్చు. అయినా ఆ మాటలో ఒక తండ్రి అనుభవం ఉంది. ముందటి రాత్రే దేవునితో పెనుగులాడి తొడ గూడు వసిలి కుంటుతున్న మనిషి అతను. తన బలహీనత తెలిసొచ్చినవాడికే పక్కవాడి బలహీనత కనిపిస్తుంది.

విమానం మాత్రం పిల్లల నడకను బట్టి నడవదు. అందుకే పెద్దలే ఆ నడకను ముందుగా లెక్కలో పెట్టుకోవాలి. పసిబిడ్డ ఏడిస్తే మొండితనం అనుకుంటాం. చాలాసార్లు అది నొప్పి. విమానం దిగేటప్పుడు లోపల గాలి ఒత్తిడి మారుతుంది. చెవినీ గొంతునూ కలిపే సన్నని గొట్టం పసిపిల్లల్లో మరీ ఇరుకుగా ఉంటుంది కాబట్టి ఒత్తిడి త్వరగా సర్దుకోక కర్ణభేరి దగ్గర నొప్పి పుడుతుంది. మింగుతూ ఉంటే ఆ గొట్టం తెరుచుకుంటుంది. దిగడం మొదలైనప్పుడు పాలు పట్టినా, కాస్త పెద్ద పిల్లలకు గుటకలుగా నీళ్లు తాగించినా ఉపశమనం కలుగుతుంది. జలుబు చేసిన బిడ్డను ఎక్కించే ముందు డాక్టరును అడగడం మంచిది. ప్రయాణమంతా నిద్రపోవాలని దగ్గుమందో, నిద్రమందో సొంతంగా తాగించేవారున్నారు. అది ప్రమాదం. కొందరు పిల్లలు ఆ మందుకు నిద్రపోకపోగా మరింత రేగిపోతారు కూడా.

అల్లరి చేస్తే ఎయిర్‌హోస్టెస్ నిన్ను కిందికి తోసేస్తుందని భయపెట్టడం మనలో మరో అలవాటు. నిజమే పలకాలని సండే స్కూల్లో నేర్పి, ఆకాశంలోకి వెళ్లగానే మనమే అబద్ధమాడితే బిడ్డ దేన్ని నేర్చుకుంటాడు? తండ్రులు పిల్లలకు కోపం రేపవద్దని, ప్రభువు శిక్షలోనూ బోధలోనూ పెంచమని పౌలు రాశాడు (ఎఫెసీ 6:4). శిక్షణంటే దెబ్బ కాదు, ముందుగా చెప్పడం. రేపు ఎక్కడ కూర్చుంటామో, బెల్టు ఎందుకు పెట్టుకోవాలో, ముందు సీటును తన్నితే అక్కడున్న తాతయ్యకు ఎలా ఉంటుందో ఇంట్లోనే కుర్చీలు వరుసగా వేసి ఆడించి చెబితే నాలుగేళ్ల పిల్లకు అర్థమవుతుంది. దారిలో నడిచేటప్పుడు కూడా పిల్లలకు దేవుని మాటలు చెప్పమని మోషే ఆజ్ఞాపించాడు (ద్వితీయోపదేశకాండం 6:7). ఫోన్ ఇచ్చి వదిలేయడానికి ముందు ఒక బైబిలు కథ, బయల్దేరే ముందు ఒక చిన్న ప్రార్థన అలవాటు చేయొచ్చు.

అలాగని పిల్లలు కదా అని వదిలేయడం ప్రేమ కాదు. వేడి టీ బండి వచ్చే దారిలో పరుగెత్తనివ్వడం, హెడ్‌ఫోన్ లేకుండా గట్టిగా పాటలు పెట్టనివ్వడం, ఎవరైనా అడిగితే మావాడు అంతేనండీ అని నవ్వేయడం తప్పు. కుమారుల దుర్మార్గం తెలిసీ ఏలీ అడ్డుకోలేదన్నదే దేవుడు అతని మీద మోపిన నేరం (1 సమూయేలు 3:13). సీటును తన్నే కాలును తల్లో తండ్రో వెంటనే పట్టుకోవాలి, ముందున్నవారికి క్షమాపణ చెప్పాలి. బిడ్డ వినేలా చెప్పాలి. ఏడాది బిడ్డ ఏడుపు వేరు, నాలుగేళ్ల పిల్ల అల్లరి వేరు. మొదటిదాన్ని ఓదార్చాలి, రెండోదాన్ని సరిదిద్దాలి. ఈ తేడా తెలియకే కొందరు పసిబిడ్డను కొడతారు, కొందరు పెద్దపిల్లను గారం చేస్తారు.

మరి పక్క సీట్లో ఉన్నవారి బాధ్యత? ఆక్సిజన్ మాస్కు ముందు మీరు పెట్టుకుని తర్వాత బిడ్డకు పెట్టండని ప్రతి విమానంలోనూ చెబుతారు. పెద్దవారు స్పృహ తప్పితే బిడ్డకు దిక్కుండదు కాబట్టి. ఆకలితో, నిద్రలేమితో ఉన్న తల్లి బిడ్డను ఊరడించలేదు. ఆ రాత్రి బిడ్డను ఊరుకోబెట్టింది నా గద్దింపు కాదు, తల్లి కడుపులో పడిన రెండు ముద్దలు. దుబాయ్‌లో దిగేటప్పుడు ఆమె బ్యాగు పైనుంచి అందించి, ‘నన్ను క్షమించమ్మా’ అన్నాను. ‘పర్లేదు అంకుల్, ఆంటీ లేకపోతే నేను ఏడ్చేసేదాన్ని’ అంది.

ఈ మాట విమానం ఎక్కేవారికే అనుకోవద్దు. ఆదివారం ఆరాధనలో బిడ్డ ఏడిస్తే ఎన్ని తలలు వెనక్కి తిరుగుతాయి? బయటికి తీసుకెళ్లమ్మా అని మైకులో చెప్పే సేవకులూ ఉన్నారు. వరండాలో చెప్పుల పక్కన కూర్చుని వాక్యం వినే తల్లులు మన సంఘాల్లో ఎందరు? పురుషులు మాత్రమే వెళ్లి ఆరాధించండని ఫరో అంటే, చిన్నవాళ్లతో సహా వెళతామని మోషే అంతకుముందే తేల్చి చెప్పాడు (నిర్గమకాండం 10:9-11). పసివాళ్లను వెనక వదిలి సాగే యాత్ర దేవుని ప్రజల యాత్ర కాదు.

మన పరలోకపు తండ్రి కూడా మన అడుగును చూసే నడిపిస్తున్నాడు. మన మొండితనాన్ని, అరుపులను, అలకలను ఇన్నేళ్లుగా సహిస్తున్నాడు. ఆ ఓర్పును అనుభవిస్తూ, పక్క సీట్లో ఏడ్చే బిడ్డను ఒక్క రాత్రి ఓర్చుకోలేమా? ఈసారి ఏ బిడ్డ ఏడుపు వినిపించినా, తల తిప్పి కోపంగా చూడకముందే చేతులు చాచండి. ఆ చిన్నబిడ్డను ఎత్తుకోవడానికి ముందే చేతులు చాచిన ప్రభువు అక్కడ ఉన్నాడు.