వంకరటింకర మేడ

ఇంగ్లండులో రాజభవనాలు చూసి వచ్చినవాళ్ళు "మీరేం చూశారండీ?" అని అడిగితే, "ఓ వంకర యిల్లు చూశాను" అంటాను. నవ్వుతారు. మొదట నేనూ నవ్వినవాణ్ణే.

చెషైర్‌లో కాంగిల్టన్ వూరికి దగ్గరగా లిటిల్ మోర్టన్ హాల్ అని ఒక పాత జమీందారీ భవనం వుంది. చుట్టూ 33 అడుగుల వెడల్పున నీళ్ళ కందకం, దానిమీద చిన్న రాతి వంతెన. వంతెన మొదట నిలబడి చూస్తే మూడంతస్తుల మేడ తూలుతూ మీదికి వస్తున్నట్టే వుంటుంది. ఒక కిటికీ యిటు వొరిగితే పక్క కిటికీ అటు వొరిగింది. నల్లటి కర్రలూ, మధ్య తెల్లటి గోడలూ! గళ్ళచీర పిండి ఆరేసినట్టు వుంది సుమండీ!

మోర్టన్ వంశంవాళ్ళు 1504 ప్రాంతంలో ఆరంభించి, తరానికొక భాగం చొప్పున సుమారు వందేళ్ళు కట్టుకుంటూ పోయారు. బరువంతా మోసేది గోడలు కాదు, ఓక్ కలప చట్రం. యిలాటి యిళ్ళలో దూలం కొనను సన్నగా చెక్కి, స్తంభానికి తొలిచిన బెజ్జంలో దూర్చి, కర్రమేకులు దిగగొడతారు. లోపలి వాకిట్లో కిటికీల పైన, వాటిని విలియం మోర్టన్ 1559లో చేయించాడనీ, వడ్రంగి రిచర్డ్ డేల్ దేవుని దయవల్ల చేశాడనీ చెక్కి వుంది. యజమాని పేరు పక్కనే పనివాడి పేరు! నాకెంతో ముచ్చట వేసింది.

మరి యీ వంకరెందుకు వచ్చింది? ఆ రోజుల్లో గొప్పవాళ్ళ యిళ్ళలో పొడుగాటి నడవా ఒకటి వుండడం ఫ్యాషను. వానరోజుల్లో అందులో నడిచేవారు, ఆటలాడేవారు. చెక్కపలకల వెనక వెనకటి బంతులు కూడా దొరికాయి. మోర్టన్లకూ మోజు పుట్టింది. దక్షిణపు వైపు మేడమీద మూడో అంతస్తుగా 68 అడుగుల నడవా వేయించి, దానిమీద బరువైన రాతిపలకలు కప్పించారు. కింది చట్రం ఆ భారానికి వంగిపోయింది. నేను అందులో నడిస్తే నేల కెరటంలా లేచి పడుతున్నట్టుంది. కళ్ళు తిరిగి గోడ పట్టుకుందామంటే, గోడే వొరిగి వుంది!

ఆ నడవాకు ఒక చివర అదృష్టదేవత చక్రం, రెండో చివర విధి బొమ్మ వున్నాయి. మోర్టన్లకు ఆ చక్రం నిజంగానే తిరగబడింది. 1642లో వచ్చిన అంతర్యుద్ధంలో వాళ్ళు రాజుపక్షం. పార్లమెంటు పక్షంవాళ్ళు యిల్లు పట్టుకుని సైనికుల్ని దింపారు. అప్పులు మిగిలాయి. తరవాత యిల్లు కౌలురైతుల పాలయింది. 1847 నాటికి ప్రార్థనమందిరం బొగ్గులకొట్టుగా మారింది. డబ్బే వుంటే దీన్ని పడగొట్టి కొత్తరకం మేడ కట్టేవారేమో! ఆ లేమే యింటిని కాపాడిందని నాకనిపిస్తుంది.

1892లో ఆస్తి ఎలిజబెత్ మోర్టన్ అనే సన్యాసినికి వచ్చింది. ఆమె ప్రార్థనమందిరాన్ని బాగుచేయించింది. నడవా కూలకుండా వుక్కు కడ్డీలు వేయించిందీ ఆమే అంటారు. 1912లో, ఎన్నడూ అమ్మకూడదన్న షరతుమీద బంధువైన బిషప్ చార్లెస్ ఏబ్రహాంకు రాసిచ్చింది. 1938లో యిల్లు నేషనల్ ట్రస్టు చేతికి వచ్చింది.

"యిన్ని మరమ్మతులు చేశారు, నిటారుగా నిలబెట్టకూడదూ?" అనుకున్నాను నేనూ. కాని నాలుగువందలేళ్ళుగా ఒకదాన్నొకటి ఆనుకుని వంగిన కర్రలవి. ఒకదాన్ని బలవంతాన సరిచేయబోతే పక్కది విరుగుతుంది. వంగింది వంగినట్టే వుంచి, పడకుండా చూడడమే దానికి సేవ.

పై అంతస్తు గొప్పకోసం కట్టినవాళ్ళ తప్పు యీనాటికీ కందకం అవతలినించే కనిపిస్తుంది. యింటిని నిలబెట్టిన ఆ సన్యాసిని పేరు అడిగితేగాని తెలియదు. వడ్రంగి డేల్ పేరు మాత్రం, కిటికీ మీద, చెక్కు చెదరలేదు.