మిగిలిన పొడి తీసేది ఎవరు?

భిలాయి సెక్టర్ 2 క్వార్టర్లనుండి ఉక్కు కర్మాగారానికి షిఫ్టు డ్యూటీకి వెళ్ళే కార్మికునికి పొడి కొత్త శత్రువు కాదు. 1959లో తొలి బ్లాస్టు ఫర్నేసు వెలిగిన నాటినుండి ఖనిజధూళి, కోకుధూళి అక్కడ మనిషి వెన్నంటి వున్నవే. తరువాత కొలిమిలోనికి మెత్తని బొగ్గుపొడిని ఊదే పద్ధతి వచ్చినది. గడ్డగా వున్న బొగ్గు మెల్లగా మండుతుంది. దానినే పిండిచేసి గాలిలో లేపితే ఒక్క నిప్పురవ్వకు ప్రేలుతుంది. అందుకే ఆ పొడిని నైట్రోజన్ కాపుదలలో వుంచుతారు. రైల్వే సోదరులు నడిపే బండ్ల క్రింది పట్టాల వెనుక ఇటువంటి జాగ్రత్తలెన్నో వున్నవి.

ఇప్పుడు మరొక పొడి పరిశ్రమలలో ప్రవేశించినది. లోహపు పొడిని పొరలు పొరలుగా పరచి, లేసరు కిరణంతో కరిగించి యంత్రభాగాలు తయారుచేసే పద్ధతిని త్రీడీ ప్రింటింగ్ అంటున్నారు. 2022 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం దీనికై జాతీయ వ్యూహాన్ని ప్రకటించినది. 2023 ఆగస్టులో బెంగుళూరు కేంబ్రిడ్జి లేఅవుట్‌లో ప్రారంభమైన తపాలా కార్యాలయ భవనం కూడ పొరల పద్ధతిలో కట్టినదే. అయితే అది కాంక్రీటు ముద్ద. దానికి పేలే గుణం లేదు.

లోహపు పొడి సంగతి వేరు. దాని రేణువు సాధారణంగా 15 నుండి 45 మైక్రాన్లు, తలవెంట్రుక మందంకన్న తక్కువ. పరచిన పొడిలో కొంతభాగమే వస్తువవుతుంది. మిగిలినది చుట్టూ వదులుగా నిలిచిపోతుంది. దానిని తీసి, జల్లించి, తిరిగి వాడుతారు. యంత్రం నడుస్తున్నంతసేపు ఆర్గాన్ వాయువు కాపలా కాస్తుంది. తలుపు తెరిచిన తరువాత కాపలా ఎవరు? వస్తువులోని సన్నని బోలుమార్గాలలో పొడి దాగివుంటుంది. ఫిల్టరులో చేరిన మసి మరీ ప్రమాదకరం, గాలి తగిలినంతనే అంటుకొనగలదు. చీపురుతో ఊడ్చినా, గాలిగొట్టంతో ఊదినా, మామూలు వాక్యూమ్ క్లీనరు వాడినా ముప్పే. అల్యూమినియం, టైటానియం మంటలపై నీరు పోస్తే హైడ్రోజన్ పుట్టి మంట పెరుగుతుంది.

2013 నవంబరులో అమెరికాలోని ఊబర్న్ పట్టణంలో ఇటువంటి పనిశాలలోనే పేలుడు జరిగి ఒక కార్మికుడు తీవ్రంగా కాలిపోయాడు. మన ప్రాంతంలో 2025 జూన్ 30న పాశమైలారంలో, మందుల తయారీకి కావలసిన సెల్యులోజ్ పొడిని ఉత్పత్తిచేసే కర్మాగారంలో సంభవించిన పేలుడులో 40 మందికి పైగా మరణించారు. వారిలో పొట్టచేతబట్టుకొని ఇతర రాష్ట్రాలనుండి వచ్చినవారే అనేకులు.

పేలే స్వభావంగల ధూళి పేరుకొనరాదనీ, నిప్పుకు తావుండరాదనీ 1948 ఫ్యాక్టరీల చట్టం 37వ సెక్షను ఆనాడే నిర్దేశించినది. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21న వృత్తి భద్రతా కోడ్ అమలులోనికి వచ్చినది. విద్యుత్తు వాడేచోట ఫ్యాక్టరీ అనిపించుకొనడానికి పూర్వం 10 మంది కార్మికులు చాలు; కోడ్ ప్రకారం 20 మంది వుండాలి. పది పన్నెండుమందితో నడిచే ముద్రణశాల ఈ లెక్కలో ఫ్యాక్టరీయే కాదు! పొడికి మాత్రం తలలు లెక్కపెట్టడం తెలియదు. కనుక లోహపు పొడి వాడే ప్రతి పనిశాలను, ఒక్క కార్మికుడున్నా సరే, ప్రమాదకర పరిశ్రమగా ప్రకటించాలని మనం కోరవలసివున్నది. ఫిల్టరు మార్చే కాంట్రాక్టు కార్మికునికి శిక్షణ, శ్వాసకవచం, భూసంధానం చేసిన పరికరాలు యాజమాన్యమే ఇవ్వాలి.

మనకు నేరుగా సంబంధించిన మాట ఒకటున్నది. ఈ పొడి డబ్బాలలోనే ప్రయాణిస్తుంది. దహనశీల వస్తువులను తపాలాలో పంపరాదన్న నిషేధం వున్నదే. తపాలా కౌంటరులోగాని, రైల్వే పార్సిలు ఆఫీసులోగాని లోపలి సరకేమిటో చెప్పని బరువైన చిన్నడబ్బా ఎదురైనప్పుడు, వివరం వ్రాతలో తెచ్చేవరకు దానిని పుచ్చుకొనకుండా పైఅధికారికి తెలియజేయండి.