అమ్మకు పరీక్షలు పెట్టకండి

మా అమ్మకు తొంభయ్యేళ్ళు దగ్గరపడ్డాయి. ఉదయం తిన్న ఇడ్లీ మధ్యాహ్నానికి గుర్తుండదు. "ఏరా, ఈ పూట నాకు ఫలహారం పెట్టలేదేం?" అని నిష్ఠూరమాడుతుంది. ఆ మాటకు కోడలి మనసు చివుక్కుమంటుంది.

అదే అమ్మను 1942 ఏప్రిల్ 6 నాటి సంగతి అడగండి. ఆనాడు జపాను విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. కాకినాడలో ఉన్న అమ్మకు అప్పుడు ఆరేళ్ళు. రాత్రికి రాత్రే బండి కట్టించుకొని ఊరు విడిచిన వైనం నిన్న జరిగినట్టు చెబుతుంది. ఎడమవైపు ఎద్దు కుంటిదట. వాళ్ళ నాయనమ్మ నగలపెట్టె మరచిపోయి ఊరగాయ జాడీని మాత్రం ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నదట!

కొత్త జ్ఞాపకాలు ముందు చెదురుతాయనీ, పాతవి ఎక్కువ కాలం నిలుస్తాయనీ 1881లోనే ఫ్రెంచి పండితుడు రిబో రాశాడు. కొత్త అనుభవాలను పదిలపరచడానికి హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగం ముఖ్యమని నేటి వైద్యులు చెబుతారు. అది దెబ్బతింటే ఉదయపు ఇడ్లీ నిలవదు, ఎద్దుబండి నిలుస్తుంది. ఇది మొండితనమూ కాదు, నటనా కాదు. థైరాయిడ్ లోపం, బి12 లోపం వంటి సరిదిద్దదగిన కారణాలూ ఉండవచ్చు కనుక "ముసలి చాదస్తం" అని కొట్టిపారేయక ముందు వైద్యునికి చూపించాలి.

నా ఫిర్యాదు జబ్బు మీద కాదు, మన మీద. ఇంటికి వచ్చిన ప్రతి చుట్టమూ "నేనెవరో చెప్పుకో చూద్దాం, పిన్నీ!" అంటాడు. అమ్మ గడుసుది. "నిన్నెరగనట్రా!" అని నవ్వేస్తుంది. అతడు గడప దాటాక నా చెయ్యి పట్టుకొని "ఎవర్రా ఆ అబ్బాయి?" అని మెల్లగా అడుగుతుంది. ఆ క్షణంలో ఆమె ముఖంలోని సిగ్గు చూడలేము. వచ్చినవారు తమ పేరు తామే చెప్పుకొంటే పోయేదేముంది?

ఈ నేరంలో నేనూ భాగస్వామినే. ముప్ఫయ్యేళ్ళు ఎర్రసిరాతో తప్పులు దిద్దిన చెయ్యి కదా! ఒక సాయంత్రం అమ్మ "అన్నయ్య ఇంకా బడినుంచి రాలేదేం?" అన్నది. "మామయ్య పోయి పదహారేళ్ళయింది కదమ్మా" అన్నాను. అప్పుడే కబురు విన్నట్టు కుమిలిపోయింది. మరునాడూ అడిగింది, మళ్ళీ చెప్పాను. ఆ వారంలో మూడుసార్లు మామయ్యను చంపాను.

ఇప్పుడు "మామయ్య ఏ దారిన వస్తాడమ్మా?" అని అడుగుతాను. ఆమె చెరువుగట్టూ, చింతతోపూ చెప్పుకొంటూ పోతుంది, దిగులు మరచిపోతుంది. కన్నతల్లితో అబద్ధమాడటం కాదా అని ఒక మిత్రుడు నిలదీశాడు. మందుల విషయంలో నేను నిక్కచ్చిగానే ఉంటాను. వేసుకున్న మాత్ర మళ్ళీ వేయనివ్వను. తక్కినచోట నాకు మా వ్యాకరణమే దారి చూపింది. మన వ్యాకర్తలు భూత, భవిష్యత్, వర్తమానాలతో పాటు తద్ధర్మమని మరొకటి చెప్పారు. ఈ మూడు కాలాలకూ కట్టుబడనిది అది. మామయ్య బడినుంచి వచ్చును. అంతే, ఎప్పుడని అడగరాదు.

నిన్న మళ్ళీ బండి కథ చెప్పింది. ఈసారి కుంటి ఎద్దు కుడివైపుకు మారింది. నేను దిద్దలేదు.