ఒక వరుస తీసేముందు

హాస్టల్ రిజిస్టర్లు ఇప్పుడు కంప్యూటర్‌లోకి ఎక్కాయి. ఒక్కో వరుసలో ఒక్కో విద్యార్థి: అడ్మిషన్ నంబరు, పేరు, ఊరు. టీసీ తీసుకుని వెళ్ళిపోయిన వాడి పేరు తీసేయడం చాలా తేలిక. సెడ్, పైథాన్ లాంటి స్క్రిప్టు భాషల్లో "ఈ మాట ఉన్న వరుసలన్నీ తీసెయ్" అని చెబితే చాలు. ఆ తేలికే ప్రమాదమని మా అభిప్రాయం. వెనుకటి రోజుల్లో వార్డెన్ సారు పేరు మీద ఎర్రగీత కొట్టేవారు. గీత కింద పేరైనా కనిపించేది.

'రాజు' అని ఇస్తే జగిత్యాల రాజుతో పాటు మంచిర్యాల నాగరాజు కూడా పోతాడు. 'మల్లు' అంటే పోచమల్లుకూ దెబ్బే. పోనీ, పదం మొత్తం కలిస్తేనే తీయమని సరిహద్దు గుర్తు పెడదామా? ఇంగ్లీషు పేర్లకు అది బాగానే పనిచేస్తుంది. కానీ పైథాన్‌లోని రీ మాడ్యూల్ మన గుణింతపు గుర్తులను అక్షరాలుగా లెక్కించదు. సరిహద్దు పెట్టి 'రాజు' కోసం వెతికితే రాజు దొరకడు, 'రాజ' అని వెతికితే దొరుకుతాడు! ఇదేం చోద్యమో.

హాస్టల్ గొడవే కదా అనుకోవద్దు. తెలంగాణలో 2014 తర్వాత సుమారు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. ఇంటికి వచ్చి చూడకుండా కంప్యూటర్ లెక్కలతోనే తీసేశారన్న పిటిషన్‌పై, క్షేత్రస్థాయిలో మళ్ళీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించింది. హైదరాబాద్‌లో ఒక రిక్షా కార్మికుడికి, పేరు దగ్గరగా ఉన్న మరొకరి కారును అంటగట్టారు. ఆ కుటుంబం కార్డు పోగొట్టుకున్న సంగతి 2024లో పత్రికల కెక్కింది. బియ్యం మీద బతికే ఇంట్లో ఒక వరుస పోవడమంటే ఏమిటో మనకెవరూ చెప్పనక్కరలేదు.

కాబట్టి పేరు చూసి తీయవద్దు. వరుసను కామా దగ్గర విడగొట్టి, అడ్మిషన్ నంబరు మొత్తం సమానమైతేనే తీయాలి. నంబరును కూడా ముక్కగా వెతికితే 12తో పాటు 112, 121 కూడా పోతాయి. ముందుగా గ్రెప్‌తో పోబోయే వరుసలను కళ్ళారా చూడాలి. సెడ్‌కు 'ఐ' అనే సూచన ఇస్తే అసలు ఫైలే మారిపోతుంది, నకలు లేకుండా దాన్ని ముట్టవద్దు. తీసిన వరుసలను వేరే ఫైలులో దాచాలి. వాటిని ముద్రించి వారం రోజులు నోటీసు బోర్డు మీద అంటించాలని మేము కోరుతున్నాం. కంప్యూటర్ ముందు కూర్చునే తమ్ముళ్ళకు ఇదంతా ఒక సాయంత్రం పని.