ఇప్పపువ్వు అంటే నవ్వారు

మా కింది వాటాలో ఉండే బుజ్జిగాడికి పదకొండేళ్లు. ఈ మే నెలలో వాణ్ని ఖమ్మంలోనే ఒక సమ్మర్ కుకింగ్ క్యాంప్‌లో చేర్పించారు. బుధవారం మొదలై, శని ఆదివారాలు వదిలేసి, మొత్తం ఆరు రోజులు. ఏప్రాన్, తెల్ల టోపీ వాళ్లే ఇచ్చారు. మొదటిరోజు ఆ టోపీ తియ్యకుండానే మెట్లెక్కి వచ్చి, "అత్తా, నేనిప్పుడు షెఫ్‌ని" అన్నాడు.

ఆ రోజు చేసింది శాండ్‌విచ్. రెండోరోజు బిస్కెట్లు పొడి చేసి, పాలు పోసి కలిపిన కేకు. దీన్ని "నో ఫైర్ కుకింగ్" అంటారట. పొయ్యి ఉండదు, కత్తి ఉండదు, పిల్లలకు కాలదు, తెగదు. తల్లిదండ్రుల భయం నాకు అర్థమవుతుంది. కానీ మంట లేని వంట అంటే నీళ్లు లేని ఈతలా అనిపిస్తుంది. సరే, అది నా గొడవ.

మూడోరోజు వాడు పైకి రాలేదు.

సాయంత్రం వదిన చెప్పింది. క్లాసులో మేడమ్ అందర్నీ వరసగా అడిగారట, "మీ ఇంట్లో మీకు బాగా ఇష్టమైన స్వీట్ ఏంటి?" అని. ఒకరు గులాబ్ జామూన్ అన్నారు, ఇంకొకరు బ్రౌనీ అన్నారు. వీడు "ఇప్పపువ్వు లడ్డూ" అన్నాడు. వెనక నుంచి ఎవరో "అరే, ఇప్పపువ్వు అంటే సారా కదా!" అన్నారు. క్లాసంతా నవ్వింది. మేడమ్ కూడా చిన్నగా నవ్వి, తర్వాతి పిల్లని అడిగేశారు. బయటికొచ్చేటప్పుడు ఒకడు "నువ్వు కూడా తాగుతావా?" అని అడిగాడంట.

బుజ్జి వాళ్లది కోయ కుటుంబం. వాళ్ల నాన్న ఉద్యోగం ఖమ్మంలో కాబట్టి ఇక్కడుంటున్నారు. అమ్మమ్మ ఊరు భద్రాచలం దాటాక, పర్ణశాలకి కాస్త ఇవతల. "సోమవారం నుంచి నేను పోను" అని వాడు టోపీ బీరువా మీదకి విసిరేశాడు. వదిన బలవంతం చేయలేదు. "రేపు మేం ఊరికి పోతున్నాం, నువ్వూ రా" అని నన్నడిగింది. నేను బ్యాగు సర్దుకున్నా.

కొత్తగూడెం, పాల్వంచ, సారపాక పేపరు మిల్లు, ఆ తర్వాత గోదావరి వంతెన. మేలో గోదారి నీళ్లకంటే ఇసుకే ఎక్కువ కనిపిస్తుంది. దారంతా వాడు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు తప్ప నోరు విప్పలేదు.

మేం వెళ్లేసరికి అమ్మమ్మ అరుగు మీద తునికాకు కట్టలు కడుతోంది. మేలో అక్కడందరికీ అదే పని. తెల్లారకముందే అడవికి పోవడం, ఎండెక్కేసరికి ఆకుతో తిరిగి రావడం, నీడన కూర్చుని కట్టలు కట్టడం. కట్టకి 50 ఆకులు. ఆమె మాతో మాట్లాడుతూనే ఉంది, లెక్కా తప్పడం లేదు. మనవడితో కోయలో మాట్లాడుతుంది, వాడు తెలుగులో జవాబిస్తాడు. ఇద్దరికీ ఇబ్బందేం లేదు.

రాత్రి అన్నం తిన్నాక వాడే చెప్పాడు, క్లాసులో నవ్వారని. అమ్మమ్మ కాసేపు ఊరుకుని, "నవ్వనీలే. వాళ్లు తినలేదు కదా" అంది. అంతే.

పొద్దున్నే మూత కట్టిన కుండ ఒకటి తెచ్చి వాడి ముందు పెట్టింది. అందులో ఎండిన ఇప్పపువ్వు. ఈ పువ్వుని ఎవరూ కొయ్యరు. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున దానంతటదే రాలుతుంది. బుట్టలు పట్టుకుని చీకటితోనే వెళ్లి ఏరుకుంటారు. రాలినప్పుడు లేత మీగడ రంగులో, రసంతో బొద్దుగా ఉంటుంది. ఎండితే అచ్చం కిస్మిస్. నోట్లో వేసుకుంటే ముందు తీపి, వెనకాలే ఒక ఘాటు వాసన. మొదటిసారి తినేవాళ్లకి ఆ వాసన కొంచెం ఎక్కువే, అబద్ధం ఎందుకు.

ముందు లోపలి కేసరాలు నలిపి తీసేయాలి, లేకపోతే గొంతులో తగులుతాయి. ఇసుక చెరగాలి. ఇదే గంట పట్టింది. తర్వాత పొయ్యి దగ్గర వాణ్నే కూర్చోబెట్టింది. నాకు గుండె దడ. వదిన మాత్రం తునికాకు కట్టలు కడుతూ తలెత్తి కూడా చూడలేదు.

వాడు కట్టెలు లోపలికి తోసేశాడు. మంట భగ్గుమంది. మొదటి వాయి మొత్తం మాడి చేదైపోయింది. అమ్మమ్మ తిట్టలేదు, పెంకు దులిపి మళ్లీ పోసింది. ఈసారి పొగకి కళ్లు తుడుచుకుంటూ, వేలు కాల్చుకుని నీళ్లలో ముంచుకుని, మొత్తానికి కిటుకు కనిపెట్టాడు. "అత్తా, కట్టె వెనక్కి లాగితే సిమ్ము, లోపలికి తోస్తే హై!" ఆరు రోజుల క్యాంపులో ఈ ముక్క వాడికి ఎవరు చెప్తారు?

వేయించిన పువ్వు, నువ్వులు, పల్లీలు, బెల్లం రోట్లో వేసి దంచారు. దంచుతూ దంచుతూ వాడు అడిగాడు, "అమ్మమ్మా, దీంతో సారా చేస్తారా చెయ్యరా?"

చేస్తారని చెప్పింది. పండక్కి దేవుడి ముందు పోస్తారని కూడా చెప్పింది. కానీ దానికి పువ్వుని రోజుల తరబడి నానబెట్టి, పులియబెట్టి, ఆవిరి పట్టాలి. ఉత్త పువ్వులో ఉండేది తీపే. వాళ్ల అమ్మ కాలంలో గింజల్లేని నెలల్లో ఇదే ఉడకబెట్టుకుని కడుపు నింపుకునేవాళ్లట. వాడు రోకలి ఆపి, "మరి ద్రాక్షతో వైన్ చేస్తారు కదా, కిస్మిస్ తింటే ఎవరూ నవ్వరేంటి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

నాకు ఇంకోటి గుర్తొచ్చింది. ఇదే అడవి వెదురుబొంగులో కూరి కాల్చిన చికెన్‌ని రీల్స్‌లో చూసి మనం "వావ్" అంటాం. భద్రాచలం ఆడవాళ్లు "భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్" పేరుతో చేసే చిరుధాన్యాల బిస్కెట్ల గురించి 2025 జూన్‌లో ప్రధాని "మన్ కీ బాత్"లో చెప్పారు. ఒకప్పుడు పొలాల్లో కూలి చేసిన వాళ్ల చేతి బిస్కెట్లు హైదరాబాద్ నుంచి లండన్ దాకా వెళ్తున్నాయని విని అందరం షేర్ చేశాం. ప్యాకెట్లోకి ఎక్కితే గొప్ప. కుండలో ఉంటే సారా. పిల్లలు ఈ తేడా ఇంట్లో పెద్దవాళ్ల మాటల్లోంచే నేర్చుకుంటారు, ఇంకెక్కణ్నుంచి?

సోమవారం వాడు స్టీలు డబ్బాతో క్యాంపుకి వెళ్లాడు. లోపల 20 లడ్డూలు. బెల్లం కాస్త తగ్గిందేమో, బస్సు కుదుపులకి సగం విరిగిపోయాయి. మేడమ్ ఒకటి తిని, ఇంకోటి తీసుకుని, ఎలా చేశావని అడిగారట. ముగ్గురు నలుగురు వాసన చూసి వద్దన్నారు. సారా అన్నవాడు డబ్బా వైపే రాలేదు. బుధవారం మాత్రం వాడే వచ్చి, "అది ఆన్‌లైన్‌లో దొరుకుద్దా?" అన్నాడంట.

"నువ్వేం చెప్పావ్ రా?"

"చెట్టు కింద దొరుకుద్ది, పొద్దున్నే లేవాలి అని చెప్పిన."

తర్వాత కాసేపు నా గదిలోనే తచ్చాడాడు. కాలిన వేలికి ఇంకా బ్యాండేజీ ఉంది. చివరికి అడిగాడు: "అత్తా, పువ్వు రాలేది మార్చిలో కదా. అప్పుడు నాకు స్కూల్ ఉంటది. లీవ్ లెటర్‌లో ఏమని రాయాలి?"

జ్వరం అని రాయొద్దంటున్నాడు. నేనింకా ఆలోచిస్తున్నా.