కాటన్ దొర నిలిచిన గట్టు ఎవరిది?

బడి సెలవులు వచ్చాయంటే అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల నుండి మన కుటుంబాలు హైదరాబాదు చూడబోవడం ఆనవాయితీగా మారింది. అమలాపురంలో రైలు కూత ఇంకా వినబడలేదు గనుక రాత్రి బస్సే శరణ్యం. ఒకరోజు చార్మినార్, మక్కా మసీదు, సాలార్‌జంగ్ మ్యూజియం. మరునాడు గోలకొండ. సాయంత్రానికి ట్యాంక్‌బండ్, లుంబినీ పార్కు, బుద్ధ విగ్రహం దాకా పడవ ప్రయాణం. పిల్లలకు ఐస్‌క్రీము, పెద్దలకు ఇరానీ చాయ్, అందరికీ ఫోటోలు. ఇందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. భూమి మీద సంచరించి పూర్వుల జాడలు చూడమని మనకు బోధించిన ధర్మం మనది. అయితే చూడటం వేరు, కళ్ళు తిప్పడం వేరు.

ట్యాంక్‌బండ్ మీద ముప్పైకి పైగా విగ్రహాలు వరుసగా నిలబడి ఉన్నాయి. వాటిలో సర్ ఆర్థర్ కాటన్ ఒకరు. గోదావరి డెల్టా మనిషి అక్కడ తప్పక ఆగుతాడు. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన 1852 నాటి నుండి కోనసీమ వరిచేనుకూ కొబ్బరితోటకూ ఆ దొర పేరు చుట్టమైపోయింది. గోదావరిలో స్నానం చేస్తూ ఆయన పేర అర్ఘ్యం విడిచేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆయన క్రైస్తవుడనీ, పరాయి పాలకుల ఇంజనీరనీ ఎవరూ లెక్క చూడలేదు. నీరిచ్చినవాడిని తలచుకోవడంలో మా సీమ పెద్దమనసు చూపింది. నేను గర్వపడే విషయమిది.

మరి ఆ కాటన్ విగ్రహం నిలబడిన గట్టును కట్టించినవారెవరు? కోనసీమ నుండి వచ్చిన ఎంతమంది ఆ ప్రశ్న వేసుకున్నారు?

ఆ చెరువు 1562 నాటిది. చార్మినార్ కంటే దాదాపు మూడు దశాబ్దాలు పెద్దది. హైదరాబాదు నగరమే అప్పటికి పుట్టలేదు. గోలకొండ సుల్తాను ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో, మూసీ నీటిని మళ్ళించి దీనిని నింపారు. నిర్మాణ బాధ్యత వహించినవారు ఆయన అల్లుడు హజ్రత్ హుస్సేన్ షా వలీ. సుల్తాను తన పేరు పెట్టదలచుకున్నా, జనం ‘హుస్సేన్‌సాగర్’ అనే పిలిచారని జనశ్రుతి. గండిపేట జలాశయం 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో సిద్ధమయ్యేంతవరకూ నగరం దాహం తీర్చినవాటిలో ఈ చెరువు ముఖ్యమైనది. మన పరిభాషలో దీనిని సదఖయె జారియా అంటారు: కట్టినవాడు పోయినా ఆగని దానం.

గట్టు మీది విగ్రహాల వరుసలో ముస్లింలు లేకపోలేదు. తానీషా ఉన్నారు, మహబూబ్ అలీఖాన్ ఉన్నారు, కవి మఖ్దూం మొహియుద్దీన్ ఉన్నారు. గట్టు వేసిన మనిషి మాత్రం లేరు. ఆయనకు విగ్రహం కావాలని ఎవరూ అడగడం లేదు, అది మన సంప్రదాయమూ కాదు. సందర్శకుడి కంటపడేలా తెలుగులోనూ ఉర్దూలోనూ ఒక పెద్ద శిలాఫలకం చాలు.

“నవాబుల భజన మళ్ళీ మొదలుపెట్టారా?” అని కొందరు ఎత్తిపొడుస్తారు. రాజుల పల్లకీ మోయడం నా పని కాదు. గట్టుకు రాళ్ళు మోసిన కూలీల పేర్లు ఏ గ్రంథంలోనూ లేవు. 1990 మార్చిలో బుద్ధ విగ్రహాన్ని తరలిస్తుండగా పడవ మునిగి ప్రాణాలు పోగొట్టుకున్న పదిమంది పేర్లు కూడా పడవ విహారానికి వెళ్ళేవారిలో ఎందరికి తెలుసు? ఇక ఇబ్రహీం కుతుబ్‌షా విషయానికొస్తే, ఆయనను ‘మల్కిభరాముడు’ అని తెలుగు చేసుకున్నవారు తెలుగు కవులే. అద్దంకి గంగాధరకవి తన ‘తపతీ సంవరణోపాఖ్యానం’ అంకితమిచ్చింది ఆయనకే. రాజ్యానికి రాకముందు ఏడేళ్ళు విజయనగరంలో తలదాచుకున్న మనిషి ఆయన. పరాయివాడని ఆయనను ఏ తెలుగువాడు వెళ్ళగొట్టగలడు?

అయినా వెళ్ళగొట్టే ప్రయత్నం సాగుతూనే ఉంది. గణేశ నిమజ్జన వేళ ఈ చెరువును ‘వినాయక్ సాగర్’ అని పిలిచే ఉత్సవ నిర్వాహకులున్నారు. 2020 నగరపాలక ఎన్నికల ప్రచారానికి వచ్చిన ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి హైదరాబాదును భాగ్యనగరంగా మార్చే మాట ఎత్తారు. పేరులో ఏముందిలే అనుకునేవారు కోనసీమలో ఉండరు. జిల్లాకు అంబేద్కర్ మహాశయుని పేరు చేర్చినందుకు 2022 మే 24న అమలాపురంలో ఇళ్ళు తగలబడ్డాయి. ఒక పేరును ఓర్వలేనితనం ఎంత దూరం పోతుందో మనం కళ్ళారా చూశాం. చెరువు పేరు మారిస్తే నీటికి నష్టం లేదు. ఆ నీరు ఎవరిచ్చారన్న సాక్ష్యం పోతుంది.

సాక్ష్యం పోయిన చోట ఆస్తి నిలవదు. దీనికి ఋజువు ఆ వలీగారి సమాధి దగ్గరే ఉంది. ట్యాంక్‌బండ్ నుండి పడమరగా గచ్చిబౌలి వైపు వెళితే ఆకాశాన్నంటే అద్దాల మేడల మధ్య ఆయన దర్గా కనిపిస్తుంది. దానికి చెందినదంటూ వక్ఫ్ బోర్డు పోరాడిన మణికొండ జాగీరు భూమి 1654 ఎకరాల 32 గుంటలు. 1989 గెజెట్‌లో దర్గా పరిసరాల్లోని కొద్దిపాటి స్థలమే నమోదైంది. మిగతా భూమిని 2006లో సవరణ ప్రకటనతో చేర్చారు. ఈలోగా ప్రభుత్వం అందులో లాంకో హిల్స్ వంటి సంస్థలకు భూములు ఇచ్చేసింది. 2012లో హైకోర్టు వక్ఫ్ బోర్డు పక్షాన తీర్పు చెప్పింది. 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు దానిని కొట్టివేసి, ఆ భూమి రాష్ట్ర ప్రభుత్వానిదేననీ, 2006 ప్రకటన చెల్లదనీ తేల్చింది. జాగీర్ల రద్దుతోనే ఆ భూమి ప్రభుత్వపరమైందన్నది ఆ తీర్పులోని వాదం.

తీర్పుకు తలవంచుతాం. కానీ ఒక ప్రశ్న అడిగే హక్కు పౌరుడికుంది. జాగీరు రద్దయింది సరే, ఆ భూమి పేదవాడికి దక్కిందా? కోట్ల విలువ చేసే ఫ్లాట్లకు దక్కింది. నగరానికి నీళ్ళు తాగించిన మనిషి పేర ఆ భూమి మీద ఒక ఆసుపత్రి గానీ, వసతిగృహం గానీ కట్టాలని ఏ ప్రభుత్వానికీ తోచలేదు. పార్టీలు మారినా ఈ విషయంలో వైఖరి మారలేదు.

తప్పంతా ప్రభుత్వాలదే అని చేతులు దులుపుకోవడం మాత్రం అన్యాయం. 1989కీ 2006కీ మధ్య పదిహేడేళ్ళు గడిచాయి. అన్నేళ్ళు ఆ నమోదును సరిచేయించలేకపోయింది మన సంస్థలే. 2025 వక్ఫ్ సవరణ చట్టంతో కాగితం విలువ మరింత పెరిగింది. అనుభవం ద్వారా వక్ఫ్ అయిన ఆస్తిలో నమోదు లేనిదానికి ఇకపై రక్షణ దొరకడం కష్టం. మన పల్లెల్లో ఖబరస్తాన్‌కు సరిహద్దు రాయి ఎక్కడుందో చెప్పగల ముసలివాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. రికార్డు తెరిచి చూద్దామంటే “అదెక్కడికి పోతుంది, మన తాతలనాటిది” అంటారు మన పెద్దలు. మణికొండలోనూ సరిగ్గా అలాగే అనుకుని ఉంటారు.

దర్గాలకు వెళ్ళే విషయంలో మనలో అభిప్రాయభేదాలున్నాయి. నేను మొక్కుల సంగతి మాట్లాడటం లేదు. ఫాతిహా చదివేవారు చదవండి, చదవనివారు చరిత్ర చదవండి. వచ్చే సెలవుల్లో హైదరాబాదు వెళ్ళే కుటుంబాలు ఒక పూట మిగుల్చుకోండి. ట్యాంక్‌బండ్ మీద కాటన్‌గారి ముందు ఫోటో దిగాక, రాయదుర్గం వరకూ మెట్రోలో వెళ్ళి, అక్కడ ఆటో ఎక్కి ఆ దర్గాకు పిల్లలను తీసుకువెళ్ళండి. చుట్టూ ఉన్న మేడలు చూపించి, 1654 ఎకరాల కథ చెప్పండి. తిరిగి వచ్చాక పిల్లల చేతనే పర్యాటక శాఖకు ఒక ఉత్తరం రాయించండి, 1562 సంవత్సరమూ, హుస్సేన్ షా వలీ పేరూ గట్టు మీద పెద్ద అక్షరాల్లో చెక్కించమని. ఆ తర్వాత మీ ఊరి మసీదు కమిటీని కూర్చోబెట్టి, ఖబరస్తాన్ సర్వే నంబరు ఏ రిజిస్టరులో ఎలా నమోదై ఉందో అడగండి.