బరువు తగ్గితే ధర పెరగాలా?

బజారులో మనం కొనే సరుకుల్లో చాలావాటికి ధర తూకాన్ని బట్టే ఉంటుంది. బెల్లమైనా, బియ్యమైనా, ఇత్తడి బిందె అయినా కాటా ఎటు మొగ్గితే పైకం అటు మొగ్గుతుంది. తూకం తగ్గించి ధర పెంచిన వర్తకుణ్ణి మనమేమీ మెచ్చుకోము. అయితే తూకం తగ్గించామని చాటింపు వేసి మరీ ఎక్కువ ధర పుచ్చుకునేవారు కూడా లోకంలో ఉన్నారు. వారి అంగడి ముందు కోటీశ్వరులు బారులు తీరి నిలబడతారు. వారే స్పోర్ట్స్ కార్లు తయారుచేసే కంపెనీలవారు.

ఒక పాఠకురాలు ఈ విషయమే అడుగుతున్నారు. వారి అబ్బాయికి కార్ల పిచ్చి. ఒకే కారును కంపెనీవారు మామూలు రకం, తేలిక రకం అని రెండు విధాలుగా అమ్ముతారనీ, తేలిక రకం ఏ కొద్దిమందికో మాత్రమే దొరుకుతుందనీ, దాని ధరే ఎక్కువనీ చెప్పాడట. "వెనక సీట్లు తీసేసి, రేడియో తీసేసి, కింద తివాచీ కూడా పీకేసి, ఆ పైన ఇంకా ఎక్కువ ఇమ్మనడం ఏం న్యాయమండీ?" అని ఆమె ప్రశ్న.

ప్రశ్న న్యాయమైనదే. జవాబే కొంచెం పొడుగు.

ముందు కంపెనీవారి పక్షాన ఒక మాట చెప్పాలి. తేలికకు ఎక్కువ ధర చెల్లించడం మనకు బొత్తిగా తెలియని సంగతి కాదు. శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరు చూడండి. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, నూరో నంబరు దాకా సన్ననూలు వడుకుతారు. ఆ పంచె ముతక పంచెకంటె తేలిక. ధర మాత్రం ఎక్కువ. అక్కడ మనం డబ్బిచ్చేది తగ్గిన దూదికి కాదు, తగ్గించడానికి పడిన శ్రమకు. మోటారుకారులోనూ అంతే. ఇనుపరేకు బదులు అల్యూమినియమో, కార్బన్ నారతో చేసిన పలకో వాడాలంటే ఖర్చు పెరుగుతుంది. చక్రాన్ని మెగ్నీషియంతో పోతపోస్తే ఇంకా పెరుగుతుంది.

ఆ శ్రమకు ఫలమూ ఉన్నది. బరువు తగ్గిన కారు త్వరగా వేగం అందుకుంటుంది, త్వరగా ఆగుతుంది, మలుపులో టైర్లను తక్కువ శ్రమ పెడుతుంది. ఇంజను బలం పెంచితే తిన్నని దారిలో పరుగెత్తడమే బాగుపడుతుంది. బరువు తగ్గితే పరుగు, మలుపు, ఆగడం మూడూ బాగుపడతాయి. అందుకే పందాలవారికి కిలో కిలో లెక్క.

ఇప్పుడు అసలు కథకు వద్దాం. జర్మనీలో పోర్షె కంపెనీవారు 1972 అక్టోబరులో పారిస్ మోటారు ప్రదర్శనలో 911 కరేరా ఆర్.ఎస్. 2.7 అనే కారును జనానికి చూపించారు. పందాల నిబంధన ప్రకారం అలాంటివి 500 కార్లు తయారుచేస్తేనే ఆ రకం పందెంలో దిగే అర్హత వస్తుంది. 500 అమ్ముడుపోతాయా అని వారికే సందేహం. తీరా చూస్తే మొత్తం 1,580 కార్లు తయారుచేయవలసి వచ్చింది.

ఈ కారు ధర 34,000 మార్కులు. కొనేవారికి రెండు దారులు చూపించారు. సౌకర్యాలు కావాలంటే మరి 2,500 మార్కులిచ్చి టూరింగ్ రకం పుచ్చుకోవాలి. సౌకర్యాలు వద్దు, తేలికే కావాలంటే 700 మార్కులిచ్చి స్పోర్ట్ రకం పుచ్చుకోవాలి. స్పోర్ట్ రకంలో వెనక సీట్లు లేవు, తివాచీలు లేవు, గడియారం లేదు, చేతులు ఆనించుకునే దిమ్మలు లేవు, కోటు తగిలించుకునే కొక్కెం కూడా లేదు. కారు ముందుభాగాన ఉండే కంపెనీ ముద్ర సైతం లోహపు బిళ్ళ కాదు, అంటించిన కాగితం లాంటిది. ఇలా గీకి గీకి 960 కిలోలకు దించారు. టూరింగ్ రకం బరువు 1,075 కిలోలు. తేడా 115 కిలోలు, అంటే భార్యాభర్తలిద్దరి బరువు అనుకోండి.

ఇంజను రెండింటికీ ఒకటే, 210 అశ్వశక్తి. నిలబడ్డచోటు నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి టూరింగ్‌కు 6.3 సెకన్లు పడితే స్పోర్ట్‌కు 5.8 సెకన్లు చాలు. బరువు తగ్గించకుండా ఆ తేడా రాబట్టాలంటే టూరింగ్ ఇంజనుకు ఇంచుమించు 25 అశ్వశక్తి అదనంగా కావాలి. ఇదీ నిజమైన తేలిక. దానికి 700 మార్కులు ఇచ్చినవాడు ఏమీ మోసపోలేదు. పైగా హాయి కోరినవాడికంటె 1,800 మార్కులు తక్కువే ఇచ్చాడు!

మా పాఠకురాలు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ రోజున కంపెనీ కొట్లో హాయికి ఎక్కువ ధర, తేలికకు తక్కువ ధర. ఇప్పుడు పాతకార్ల వేలంలో అది తలకిందులయింది. స్పోర్ట్ రకం టూరింగ్‌కంటె ఎంతో ఎక్కువ పలుకుతుంది. మధ్యలో ఏం మారింది? కారు బరువు మారలేదు, ఆ అర సెకను మారలేదు. మారనిదే ఇంకొకటి ఉన్నది: టూరింగ్ కార్లు 1,308 తయారయితే స్పోర్ట్ కార్లు 200 మాత్రమే. అప్పట్లో ఎక్కువమంది హాయినే కోరుకున్నారు. అందువల్ల తేలికవి అరుదయ్యాయి. అరుదయినందువల్ల ప్రియమయ్యాయి. అంటే ఇప్పుడు చెల్లించేది 115 కిలోలకు కాదు, 200 అనే అంకెకు.

హాయి మీద మనిషికి ఎంత మమకారమో చెప్పే చిత్రమైన ఉదంతం ఇంకొకటి ఉన్నది. జర్మనీలోనే బి.ఎం.డబ్ల్యు. కంపెనీవారు ఆ కాలంలోనే 3.0 సి.ఎస్.ఎల్. అనే కారు తెచ్చారు. చివరి 'ఎల్' అక్షరానికి జర్మన్ భాషలో తేలిక అని అర్థం. తలుపులు, బానెట్టు అల్యూమినియంతో చేశారు. బరువైన హంగులు తీసేశారు. కుడిచేతి స్టీరింగుతో ఇంగ్లండుకు 500 కార్లు వచ్చాయి. అక్కడివారు ఏం చేశారనుకున్నారు? తీసేసిన బంపర్లు, చప్పుడు వినబడకుండా వేసే దిండ్లు, మీట నొక్కితే కదిలే కిటికీ అద్దాలు, అన్నీ తిరిగి పెట్టించుకున్నారు! ఉపవాసం పేరుతో ఫలహారం రెండింతలు లాగించినట్టయింది.

సరే, పాతకార్ల మాట వదిలేద్దాం. కొత్తవాటి సంగతి చూడండి. పోర్షె వారే 2016లో 911 ఆర్ అని 991 కార్లు మాత్రమే తయారుచేశారు. 500 అశ్వశక్తి, 1,370 కిలోల బరువు, చేత్తో మార్చే గేర్లు. అమెరికాలో కంపెనీ ధర 1,84,900 డాలర్లు. కారు కొందరి గుమ్మంలోకి రాకముందే చేతులు మారడం మొదలయింది. 5 లక్షల డాలర్లకు మించి అడిగినవారున్నారు, ఇచ్చినవారూ ఉన్నారు. చేత్తో గేర్లు మార్చే సరదా, తేలికదనం, ఇక ఇలాంటిది రాదు అన్న నమ్మకం, ఈ మూడూ కలిసి ధరను అటక ఎక్కించాయి.

మరుసటి ఏడు, అంటే 2017లో, అదే కంపెనీవారు జి.టి.3 అనే మామూలు రకాన్ని కొత్తగా తెచ్చారు. దానికీ 500 అశ్వశక్తే. చేత్తో మార్చే గేర్లు కావాలంటే అదీ ఇస్తామన్నారు. బరువు 1,413 కిలోలు, ధర 1,43,600 డాలర్లు. ఇన్నే చేస్తామన్న కట్టుబాటు లేదు. ఈ కబురు తెలిసిన తరువాత 911 ఆర్ ధరలు ఆ ఎత్తు నుంచి కిందికి జారాయి. కంపెనీ వేసిన అసలు ధర కంటె పైనే నిలబడ్డాయనుకోండి, అయినా ఎత్తుమీద కొన్నవారికి గుండె గుభేలుమన్నది.

ఇక్కడ కాస్త కాటా బయటికి తీద్దాం. రెండు కార్ల బరువులో తేడా 43 కిలోలు. 60 లీటర్ల పెట్రోలు తూచితే దాదాపు 45 కిలోలుంటుంది. అంటే జి.టి.3 కారు యజమాని టాంకు ఖాళీ కావస్తున్నప్పుడు నడిపితే, టాంకు నిండా పోయించిన 911 ఆర్‌తో సమానంగా తూగుతాడు! 115 కిలోల తేడా వేరు, 43 కిలోల తేడా వేరు. మొదటిది కారుకు దాదాపు పదోవంతు. రెండోది నూటికి మూడు పాళ్ళు. పేరు రెండింటికీ 'తేలిక రకం' అనే.

2023లో 911 ఎస్/టి అని ఇంకొకటి వచ్చింది. 911 కారు పుట్టి 60 ఏళ్ళయిన సందర్భంగా తెచ్చినది. ఆ పుట్టిన సంవత్సరం 1963 కనుక 1,963 కార్లే తయారుచేస్తామన్నారు. అమెరికాలో ధర 2,90,000 డాలర్లు. దానికి దగ్గర చుట్టమైన జి.టి.3 టూరింగ్‌కంటె ఇంచుమించు లక్ష డాలర్లు ఎక్కువ, బరువు ఇంచుమించు 40 కిలోలు తక్కువ. అంటే తగ్గిన ప్రతి కిలోకూ 2,500 డాలర్లు. న్యాయంగా చెప్పాలంటే ఇంజను కూడా కొంత బలమైనది: 510కి బదులు 525 అశ్వశక్తి. చక్రాలు మెగ్నీషియంవి, తలుపులు కార్బన్‌వి. అయినా లక్ష డాలర్లూ వీటికేనని నమ్మడం కష్టం. కొన్నవారు వెంటనే లాభానికి అమ్ముకుంటారేమోనని కంపెనీవారికే అనుమానం కలిగి, అమెరికాలో మొదటి సంవత్సరం కారును అద్దె ఒప్పందం మీదనే ఇస్తామన్నారు. తమ సరుకు నడపడానికి కొంటున్నారో, దాచడానికి కొంటున్నారో తయారుచేసినవారికే తెలియదన్నమాట!

తేలికదనమే ఖరీదైనదయితే తేలిక కార్లన్నీ ఖరీదుగా ఉండాలి కదా? ఉండవు. జపానులో మాజ్డా కంపెనీవారు 1989లో ఎం.ఎక్స్-5 అనే రెండు సీట్ల చిన్న కారు తెచ్చారు. బరువు సుమారు 950 కిలోలు, అంటే ఇందాక చెప్పుకున్న 200 పోర్షెల బరువుకు అటూ ఇటూ. అమెరికాలో ధర 13,800 డాలర్లు. బలం తక్కువే, కాని నడపడంలోని హుషారుకు దానికి పేరొచ్చింది. 2016 నాటికి అటువంటివి పది లక్షలు తయారయ్యాయి. మొదటినుంచీ తేలికగా ఆలోచించి కట్టిన కారు చవకగా రాగలదు. ముందు బరువుగా కట్టి, ఆ తరువాత గీకి తేలిక చేయడమే ప్రియం.

అరుదుకు, కథకు ఎంత ధరో తెలియాలంటే ఇంగ్లండులోని జాగ్వార్ కారు చాలు. 1963లో ఆ కంపెనీవారు అల్యూమినియం ఒంటితో తేలిక రకం ఇ-టైప్ కార్లు 18 చేయాలనుకుని 12తో ఆపేశారు. మిగిలిన ఆరింటినీ 2014లో, యాభై ఏళ్ళ తరువాత, పాత పద్ధతిలోనే పాత వరుస నంబర్లతోనే తయారుచేయ సంకల్పించారు. ఒక్కొక్కటి పది లక్షల పౌన్లకు పైమాట. పాత 12లో ఒకటి, 1963లో ఆస్ట్రేలియా జి.టి. చాంపియన్‌షిప్ గెలిచిన కారు, 2017లో అమెరికాలో వేలానికి వచ్చి 73 లక్షల డాలర్లు దాటింది. రెండింటికీ నమూనా ఒకటే, లోహం ఒకటే. మిగతా తేడా అంతా కాలానిది, ఆ కారు గెలిచిన పందాలది.

ఇంతకీ తీర్పేమిటంటారా? ఈ కార్ల ధరలో మూడు పద్దులు కలిసి ఉంటాయి. ఒకటి, తగ్గించిన బరువుకు పెట్టిన ఖర్చు. అది న్యాయమైన పద్దు. కాని కారు నడిపేవాడికే అది గిట్టుబాటు. రెండు, గెలిచిన పందాల కథ. పాత పటానికో, పాత వీణకో ఇచ్చినట్టు ఇష్టమున్నవారు ఇస్తారు, తప్పు పట్టనక్కరలేదు. మూడు, 'ఇన్నే చేశాం' అన్న అంకె. ఈ మూడో పద్దుకు విలువ కారులో లేదు, కొనబోయే తరువాతివాడి మనసులో ఉన్నది. వాడి మనసు మారితే, 2017లో మాదిరి, విలువా మారుతుంది.

అన్నిటికంటె విచారించవలసింది వేరే ఉన్నది. వేలంలో తక్కువ తిరిగిన కారుకు ఎక్కువ ధర. కనుక యజమాని దాన్ని బయటికి తీయడానికి జంకుతాడు. పలచటి రేకు ఎక్కడ సొట్టపడుతుందో అని భయం, మీటరులో అంకె ఎక్కడ పెరుగుతుందో అని భయం. పరుగెత్తడానికని గడియారం, కొక్కెం కూడా వదులుకున్న కారు పరుగే లేకుండా ముసుగు కింద నిలబడి ఉంటుంది. ఆ తేలికతనం ఎవరి అనుభవంలోకి వచ్చినట్టు?

మా పాఠకురాలు వాళ్ళ అబ్బాయికి చెప్పవలసింది ఇంతే. 'లిమిటెడ్ ఎడిషన్' అనే చీటీ ఇప్పుడు కార్లకే కాదు; చేతిగడియారాలకు, చెప్పులకు, సెల్‌ఫోన్లకు కూడా అంటిస్తున్నారు. అలాంటిది కంటపడినప్పుడు ఆ చీటీని మనసులోనే ఊడబెరికి, "ఇదే వస్తువు బజారులో ఎన్నయినా దొరికితే నేనెంత ఇస్తాను?" అని ఒకసారి అడుక్కోవాలి. ఆ వచ్చిన జవాబు వస్తువు ధర. మిగిలినది చీటీ ధర. చీటీ కూడా కావాలనుకుంటే కొనుక్కోవచ్చును. దేనికి ఎంత ఇస్తున్నామో తెలిసి ఇస్తే బాధ లేదు.